వెలిగి ఆరిపోయే ఇంజను దీపం: కారణం కనుక్కొనే పద్ధతి

మన సంఘాల పరిధిలో పాల క్యాన్లు చేరవేసే వ్యానులు, సభ్యులు సొంతానికి కొనుక్కున్న కార్లు చాలావరకు పాతవే. వీటిలో డ్రైవరు ఎదుట ఉండే మీటర్ల పలకమీద ఇంజను బొమ్మతో ఒక పసుపుపచ్చ దీపం ఉంటుంది. అది ఒకరోజు వెలుగుతుంది, నాలుగు రోజులు కనిపించదు, మళ్ళీ వెలుగుతుంది. షెడ్డుకు తీసుకువెళ్ళిన రోజున మాత్రం వెలగదు. ఇటువంటప్పుడు సాధారణంగా రెండే పనులు జరుగుతున్నాయి. దీపాన్ని పట్టించుకోకుండా తిరగడం ఒకటి, అనుమానం వచ్చిన సెన్సారునల్లా మార్పించి వోచరు రాయడం రెండవది. మొదటి దానివలన 40 లీటర్ల క్యాన్లు పదింటితో, అంటే 400 లీటర్ల పాలతో, బండి ఎండలో దారిమధ్య నిలిచిపోయే ప్రమాదం ఉంది. రెండవ దానివలన సంఘం డబ్బు ఖర్చవుతుంది గాని దీపం మళ్ళీ వెలగదన్న హామీ లేదు.

ముందుగా దీపాల తేడా తెలియాలి. నూనె డబ్బా బొమ్మతో ఎర్రదీపం వెలిగితే అది వేరే సంగతి. క్షణంపాటు వెలిగినా సరే, బండిని పక్కకు తీసి ఇంజను ఆపివేయాలి. కొంతసేపు ఆగి డిప్‌స్టిక్‌తో ఆయిలు మట్టం చూడాలి. మట్టం సరిగానే ఉండి, ఇంజను వేడెక్కాక నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు ఆ దీపం మినుకుమంటుంటే, మెకానిక్కు చేత గేజితో ఆయిలు ఒత్తిడి కొలిపించిన తరువాతనే బండి నడపాలి. పాలు చెడిపోతాయన్న తొందరలో ఎర్రదీపంతో నాలుగు మైళ్ళు లాగితే పోయేది పాలు కాదు, ఇంజను. పసుపు దీపం నిలకడగా వెలిగి, బండి మామూలుగా నడుస్తుంటే చిల్లింగు కేంద్రం వరకు నిదానంగా వెళ్ళవచ్చును. అదే పసుపు దీపం టపటప కొట్టుకుంటూ ఇంజను కుదుపులు ఇస్తుంటే, ఏదో సిలిండరులో పెట్రోలు మండకుండా పొగగొట్టంలోకి పోతున్నదని అర్థం. అది అక్కడి శుద్ధియంత్రంలో, అంటే కెటలిటిక్ కన్వర్టరులో, మండి దానిని విపరీతంగా వేడెక్కిస్తుంది. అటువంటి బండిని ఎండు వరిగడ్డిమీద నిలపకూడదు.

ఇక పసుపు దీపం ఎందుకు వెలిగి ఆరుతుందో చూద్దాం. మన దేశంలో 2010 ఏప్రిల్ నుండి బి.ఎస్.-4 బండ్లలో, ఇంజను తనను తాను పరీక్షించుకొనే ఓ.బి.డి. ఏర్పాటు మొదటి దశలో వచ్చింది. 2013 ఏప్రిల్ నుండి రెండవ దశ వచ్చింది. ఇంజను కంప్యూటరు ఒక్కొక్క సెన్సారు నుండి వచ్చే విద్యుత్తును ఎడతెగకుండా చూస్తూ, లెక్క తప్పితే ఒక సంకేత సంఖ్యను జ్ఞాపకంలో ఉంచుకుంటుంది. చాలా లోపాలకు మొదటిసారి కనిపించగానే దీపం వెలగదు. తరువాతి ప్రయాణంలో కూడా అదే లోపం కనిపిస్తేనే వెలుగుతుంది. ఆపైన వరుసగా మూడు ప్రయాణాలు బాగా జరిగితే దీపం దానంతటదే ఆరిపోతుంది. కాని సంఖ్య మాత్రం చెరిగిపోదు. సుమారు 40 సార్లు ఇంజను చల్లగా మొదలై వేడెక్కేవరకు అది జ్ఞాపకంలోనే ఉంటుంది. కనుక దీపం ఆరినంత మాత్రాన జబ్బు కుదిరిందనుకోరాదు, సాక్ష్యం పోయిందనీ అనుకోనక్కరలేదు.

ఆ సాక్ష్యాన్ని మనమే చెరిపివేస్తున్నాం. కొన్ని షెడ్లలో మొదట చేసే పని బ్యాటరీ తీగ ఊడదీసి మళ్ళీ బిగించడం. దీపం ఆరుతుంది, యజమాని సంతోషిస్తాడు. సంఖ్యతో పాటు లోపం జరిగిన క్షణాన వేగమెంత, ఇంజను వేడి ఎంత, బరువు ఎంత లాగుతున్నదీ అన్న లెక్క కూడా తుడిచిపెట్టుకుపోతుంది. సంఖ్య చదివి కాగితంమీద రాసుకొనేవరకు బ్యాటరీ ముట్టుకోవద్దని మెకానిక్కుకు ముందే చెప్పండి. చదివే పరికరం ఇప్పుడు చవకగా దొరుకుతున్నది. స్టీరింగు కింద ఉండే 16 పిన్నుల సాకెట్టులో గుచ్చితే చేతిఫోనులోనే సంఖ్య కనిపిస్తుంది. నాలుగైదు సంఘాలు కలిసి ఒకటి కొనుక్కున్నా చాలును.

పరికరం కంటె ముందు కావలసింది ఒక నోటు పుస్తకం. పాలు పులిసి వెనక్కి వచ్చినప్పుడు మనం క్యాన్లన్నీ మార్చివేయం గదా. ఏ పూట పాలు, ఏ మార్గం, ఏ క్యాను, దాన్ని కడిగిందెప్పుడు అని వెనక్కి వెళ్తాం. ఇక్కడా అంతే. దీపం వెలిగినప్పుడల్లా తేదీ, గంట, మీటరులో కిలోమీటర్లు, ఇంజను చల్లగా ఉందా వేడిగా ఉందా, క్యాన్లు నిండా ఉన్నాయా ఖాళీయా, రోడ్డు ఎటువంటిది, వాన పడిందా, బండి కడిగారా, పెట్రోలు ఎంత ఉంది, హెడ్‌లైట్లు వేసి ఉన్నాయా అన్నది డ్రైవరు రాయాలి. పది పన్నెండు నమోదులు అయ్యేసరికి ఏదో ఒక పోలిక బయటపడుతుంది. వాన పడినప్పుడు, కడిగిన మరునాడు వెలిగితే ఇగ్నిషను కాయిల్, ప్లగ్గు వైర్లు, కనెక్టర్లలో తేమ చేరిందేమో చూడాలి. గతుకుల బాటలోనే వెలిగితే వదులు తీగ, ఎర్తు వైరు. నిండు బరువుతో మిట్ట ఎక్కేటప్పుడే అయితే పెట్రోలు ఫిల్టరు, పంపు, కాయిల్. అరగంట నడిచి బాగా వేడెక్కిన తరువాత ఇంజను ఆగిపోయి, చల్లారగానే ఏమీ ఎరగనట్లు స్టార్టు అయితే క్రాంకు సెన్సారుమీద అనుమానం పెట్టుకోవాలి. ఈ చివరి లక్షణం ఉన్న బండికి పాల మార్గం అప్పగించకూడదని నా అభిప్రాయం.

సంఖ్యను చదవడంలో ఒక పొరపాటు తరచుగా జరుగుతున్నది. సంఖ్య చెప్పేది ఏ సర్క్యూటులో లెక్క తప్పిందన్నదే గాని, ఏ భాగం చెడిందని కాదు. ఉదాహరణకు పి 0118 అని వస్తే, ఇంజను నీటి వేడి చెప్పే సర్క్యూటులో వోల్టేజి ఎక్కువగా ఉన్నదని అర్థం. సెన్సారు లోపల తెగినా, తీగ తెగినా, కనెక్టరు వదులైనా ఇదే సంఖ్య వస్తుంది. తీగ తెగితే కంప్యూటరుకు ఇంజను గడ్డకట్టే చలిలో ఉన్నట్లు తోచి పెట్రోలు ఎక్కువగా పోయించవచ్చును. నల్లపొగ, పెట్రోలు ఖర్చు అందువలననే. ఈ సెన్సారును ఇంట్లోనే పరీక్షించవచ్చు. చల్లారిన ఇంజను నుండి ఊడదీసి, మల్టీమీటరు తీగలు తగిలించి, కొనను నీళ్ళలో ముంచి నీటిని మెల్లగా కాచాలి. చాలా సెన్సార్లలో 20 డిగ్రీల వద్ద సుమారు రెండు రెండున్నర వేల ఓములు ఉండే నిరోధం, 80 డిగ్రీలకు సుమారు 300 ఓములకు దిగుతుంది. మధ్యలో ఎక్కడా ఎగిరి పడకుండా క్రమంగా దిగితే సెన్సారు మంచిదే, తీగలో వెతకాలి. థర్మామీటరు ఉంది గదా అని పాల కేంద్రంలోది తీసుకువెళ్ళి వాడి, మళ్ళీ పాలలో ముంచవద్దు.

పి 0302 అంటే రెండవ సిలిండరులో మంట సరిగా లేదని. ఒక్కొక్క సిలిండరుకు వేరు కాయిల్ ఉన్న బండిలో రెండవ దాని కాయిల్‌ను మూడవ దానికి మార్చి నడపండి. ఈసారి పి 0303 వస్తే చెడింది కాయిలే. రెండవ దానిలోనే ఉండిపోతే ప్లగ్గు, ఇంజెక్టరు, తీగ చూడాలి. పైసా ఖర్చులేని ఈ పరీక్ష చేయకుండా కొత్త కాయిల్ కొనడం నాకు సమంజసంగా తోచదు.

అయితే పాత బండ్లలో, ముఖ్యంగా మన బండ్లలో, వెలిగి ఆరే దీపానికి తీగలను, అతుకులను చూడకుండా సెన్సారు జోలికి పోరాదు. దీనికి మన పనే కొంత కారణం. ఒలికిన పాలు కడగడానికి పైపు పెట్టి కొట్టిన నీరు కనెక్టర్లలోకి పోతుంది. పిన్నులమీద పచ్చటి చిలుము పడుతుంది. రాత్రిపూట బండిని దాణా బస్తాల గది పక్కనే నిలుపుతాం, ఎలుకలు బానెట్టు కింద చేరి తీగల తొడుగు కొరుకుతాయి. తెగీ తెగకుండా రెండు పోగులమీద వేలాడే తీగ కుదుపుకు ఒకసారి అంటుకుంటుంది, ఒకసారి విడుతుంది. దీనిని పట్టుకోవడానికి ఇంజనును నెమ్మదిగా తిరగనిచ్చి, తిరిగే బెల్టుకు, ఫ్యానుకు దూరంగా ఉంటూ, వైర్ల కట్టను ఒక్కొక్క జానెడు చొప్పున మెల్లగా కదుపుతూ పోవాలి. ఎక్కడ కదిపినప్పుడు ఇంజను తడబడిందో అక్కడే విప్పి చూడాలి. బ్యాటరీ టెర్మినళ్ళు, బ్యాటరీ నుండి బాడీకి, బాడీ నుండి ఇంజనుకు వచ్చే ఎర్తు తీగలు విప్పి శుభ్రంచేసి బిగించాలి. స్టార్టరు తిరుగుతున్నప్పుడు బ్యాటరీ నెగటివుకు, ఇంజను లోహానికి మధ్య మల్టీమీటరు అర వోల్టు దాటి చూపితే ఎర్తు సరిగా లేదన్నమాట. ఇంజను నడుస్తుండగా బ్యాటరీమీద సుమారు 13.5 నుండి 14.5 వోల్టులు ఉండాలి. తక్కువైతే సంబంధంలేని సంఖ్యలు రెండు మూడు ఒకేసారి రావచ్చును.

బిల్లుల విషయం ఒక మాట. తనిఖీకి వచ్చినప్పుడు మేము చూసేది మొత్తం ఒక్కటే కాదు. సెన్సారు మార్చిన బిల్లుకు, మార్చకముందు చదివిన సంఖ్య, చేసిన పరీక్ష, ఊడదీసిన పాత భాగం జతపరచి ఉంటే అడగవలసిన ప్రశ్నలు సగం తగ్గుతాయి. ఒకే ఏడాదిలో ఒకే బండికి ఆక్సిజను సెన్సారు రెండుసార్లు మార్చిన వోచర్లు చూస్తే, తీగను ఎవరూ చూడలేదన్న అనుమానం ఎవరికైనా కలుగుతుంది.

మరమ్మతు తరువాత సంఖ్యను పరికరంతో చెరిపించి, నోటు పుస్తకంలో దీపం వెలిగిన పరిస్థితులలోనే బండిని నడపాలి. నిండు క్యాన్లతో మిట్టమీద వెలిగిన దీపాన్ని ఖాళీ బండితో ఊరిచుట్టూ తిప్పి పరీక్షిస్తే ప్రయోజనం లేదు. వారం తరువాత మరొకసారి సంఖ్యలు చదివించండి. దీపం వెలగకపోయినా, వెలగడానికి సిద్ధంగా ఉన్న సంఖ్య లోపల ఉండవచ్చును.

పాత బండి కొనబోయే సభ్యులు తాళం తిప్పి, ఇంజను స్టార్టు చేయకముందే ఈ పసుపు దీపాన్ని చూడాలి. అప్పుడు అది వెలగాలి, స్టార్టు అయ్యాక ఆరాలి. తాళం తిప్పినా వెలగలేదంటే బల్బు మాడిందో, మాడిపోయేటట్లు ఎవరైనా చేశారో తేలేవరకు బయానా ఇవ్వకండి.