వాసన పసిగట్టే 400 గ్రాహకాలు

వంటగ్యాస్ లీకైతే ఇంట్లో మొదట హెచ్చరించేది ముక్కే. నిజానికి సిలిండర్‌లో ఉండే ప్రొపేన్, బ్యూటేన్‌లకు చెప్పుకోదగ్గ వాసన ఉండదు. లీకైన సంగతి మనకు తెలియాలని వాటిలో ఇథైల్ మెర్కాప్టన్ అనే గంధకపు రసాయనాన్ని పిసరంత కలుపుతారు. గాలిలో వంద కోట్ల అణువులకు అది ఒకటి రెండు ఉన్నా చాలామంది పసిగట్టేస్తారు. ఇంత సున్నితమైన పనిని శరీరం ఎలా చేస్తుందో తెలుసుకుంటే, ముక్కును మనం ఎంత చిన్నచూపు చూస్తున్నామో అర్థమవుతుంది.

వాసన తెలిసే చోటు ముక్కుపుటాల్లో లేదు. లోపల బాగా పైన, రెండు కళ్ల మధ్య ఎత్తున, కొన్ని చదరపు సెంటీమీటర్ల పొర ఒకటి ఉంటుంది. అందులో లక్షల సంఖ్యలో నాడీకణాలుంటాయి. ఒక్కో కణం కొస నుంచి సిలియా అనే సన్నని నూగు బయల్దేరి తడి శ్లేష్మంలో పరుచుకుని ఉంటుంది. మామూలు ఊపిరిలో గాలి ఎక్కువగా కింది దారినే పోతుంది. గట్టిగా ఎగపీలిస్తే మరింత గాలి పై పొర దాకా చేరుతుంది. అన్నం నములుతున్నప్పుడు గొంతు వెనక నుంచి కూడా వాసనలు అక్కడికే వెళతాయి. జలుబు చేసినప్పుడు ఆ దారి మూసుకుపోవడం వల్లే ఎంత మంచి పులుసైనా చప్పగా అనిపిస్తుంది.

ఏ పదార్థానికైనా వాసన ఉండాలంటే దాని అణువులు ముందు గాలిలోకి లేవాలి, తర్వాత శ్లేష్మం దాటాలి. ఉప్పు మామూలు వేడిలో ఆవిరి కాదు కాబట్టి దానికి వాసన లేదు. ఇంగువలోని గంధకపు అణువులు తేలిగ్గా ఆవిరవుతాయి కాబట్టి డబ్బా మూత తీయగానే పక్కగదికి కూడా తెలిసిపోతుంది.

శ్లేష్మం దాటిన అణువుకు సిలియా పైపొరలో గ్రాహకం ఎదురవుతుంది. ఇది కణం పొరను ఏడుసార్లు అటూ ఇటూ దాటుతూ మెలితిరిగిన ప్రోటీన్. ఆ మెలికల మధ్య చిన్న ఖాళీ ఉంటుంది. అణువు పరిమాణం, ఆకారం, విద్యుదావేశం సరిపడితే అది అందులో కాసేపు ఇముడుతుంది. ఇథైల్ మెర్కాప్టన్ వంటి అణువులకు స్పందించే ఓఆర్2టీ11 అనే మానవ గ్రాహకాన్ని పరీక్షించినప్పుడు, దాని స్పందనను రాగి అయాన్లు బాగా పెంచుతాయని తేలింది. మనిషి గ్రాహకం ఒకదానిలో వాసన అణువు ఎలా ఇమిడి ఉందో పరమాణువుల స్థాయిలో చూడగలిగింది 2023లోనే.

అణువు ఇమడగానే గ్రాహకం రూపం కొద్దిగా మారుతుంది. ఆ మార్పు కణం లోపలున్న జీ-ప్రోటీన్‌ను మేల్కొలుపుతుంది. అది ఒక ఎంజైమును పనిలోకి దించుతుంది. ఆ ఎంజైము సైక్లిక్ ఏఎంపీ అనే సందేశక అణువులను వరసగా తయారు చేస్తుంది. అవి కణం పొరలోని ద్వారాలను తెరిస్తే సోడియం, కాల్షియం లోపలికి వస్తాయి. వచ్చిన కాల్షియం మరో రకం ద్వారాలను తెరవగా క్లోరైడ్ బయటికి పోతుంది, సంకేతం మరింత బలపడుతుంది. తగినంత బలం వస్తే విద్యుత్ సంకేతం పుర్రెలోని సన్నని రంధ్రాల గుండా మెదడు ముందుభాగాన ఉన్న ఘ్రాణ లంబికకు చేరుతుంది.

ఈ గ్రాహకాల జన్యువులను కనిపెట్టినవారు అమెరికా శాస్త్రవేత్తలు లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్. ఎలుకల మీద చేసిన ఆ పరిశోధన 1991లో వెలువడింది. 2004లో ఇద్దరికీ వైద్యశాస్త్ర నోబెల్ వచ్చింది. మనుషుల్లో పనిచేసే ఘ్రాణ గ్రాహక జన్యువులు దాదాపు 400. మనకున్న సుమారు 20,000 ప్రోటీన్ జన్యువుల్లో ఇవే రెండు శాతం. ఆఫ్రికా ఏనుగులో ఇవి దాదాపు 2,000. సాధారణంగా ఒక్కో నాడీకణం ఈ జన్యువుల్లో ఒకే ఒక్కదాన్ని వాడుకుంటుంది. ఒకే గ్రాహకం ఉన్న కణాలన్నీ ఘ్రాణ లంబికలో తమకు కేటాయించిన కొన్ని చోట్లకే తీగలు పంపుతాయి.

మరి 400 గ్రాహకాలతో అన్ని వేల వాసనలు ఎలా తెలుస్తాయి? ఒక వాసనకు ఒక గ్రాహకం అన్న లెక్క లేదు. ఒక అణువు పలు గ్రాహకాలను తాకుతుంది, ఒక గ్రాహకం పలు అణువులకు స్పందిస్తుంది. యాభై పైచిలుకు అక్షరాలతో లెక్కలేనన్ని మాటలు రాసుకున్నట్టే, ఏయే గ్రాహకాలు ఎంతెంత మేలుకున్నాయన్న కలయికను బట్టి మెదడు వాసనను గుర్తిస్తుంది. అందుకే అణువులో చిన్న తేడా వచ్చినా వాసన మారిపోతుంది. కార్వోన్ అణువు ఒక రూపంలో పుదీనా జాతికి చెందిన స్పియర్‌మింట్ వాసన ఇస్తుంది. దాని అద్దపు ప్రతిబింబ రూపం కారవే గింజల వాసన ఇస్తుంది.

గ్రాహకాల జన్యువులు మనిషికీ మనిషికీ కొంత తేడాగా ఉంటాయి. కొత్తిమీర కొందరికి సబ్బు వాసన కొట్టడానికీ, ఓఆర్6ఏ2 అనే గ్రాహకం దగ్గరి జన్యు మార్పుకూ సంబంధం ఉన్నట్టు 2012లో తేలింది. ఆ ఒక్క మార్పే మొత్తం కారణం కాకపోవచ్చు గానీ, కొత్తిమీర వద్దన్న మనిషిని పెంకి అని తిట్టడం మాత్రం అన్యాయం.

ఒకే వాసన ఆగకుండా వస్తుంటే కణాలు సర్దుకుంటాయి. లోపలికి వచ్చిన కాల్షియమే సైక్లిక్ ఏఎంపీ తెరిచే ద్వారాల సున్నితత్వాన్ని తగ్గిస్తుంది. కొత్త వాసన వస్తే గుర్తించడానికి ఈ ఏర్పాటు అవసరం. గ్యాస్ విషయంలో మాత్రం ఇదే ప్రమాదం. కాసేపటికి వాసన తగ్గినట్టు అనిపించినా లీకు ఆగినట్టు కాదు. మొదటిసారి వాసన తగిలినప్పుడే స్విచ్చులు ముట్టుకోకుండా రెగ్యులేటర్ ఆపి, తలుపులు, కిటికీలు తెరిచి బయటికి వచ్చేయాలి.

ఈ నాడీకణాలు బయటి గాలికి నేరుగా గురవుతాయి కాబట్టి తొందరగా పాడవుతాయి. అడుగున ఉన్న మూలకణాలు వాటి స్థానంలో కొత్తవాటిని పుట్టిస్తూనే ఉంటాయి. కోవిడ్‌లో వైరస్ ప్రధానంగా దెబ్బతీసింది నాడీకణాలను కాదు, వాటికి ఆసరాగా ఉండే కణాలను. చాలామందికి వాసన తిరిగి రావడానికి అదొక కారణం. వయసు పైబడే కొద్దీ మాత్రం ఈ శక్తి మెల్లగా తగ్గుతుంది, తగ్గినట్టు తమకే తెలియనివారు ఎందరో.

చూపు మందగిస్తే కళ్లజోడు తెస్తాం, వినికిడి తగ్గితే డాక్టరు దగ్గరికి తీసుకెళతాం. వాసన పోయిందంటే మాత్రం పట్టించుకోం. ఈ తీరు మారాలి. వాసన కొన్ని వారాలు తెలియకపోతే చెవి, ముక్కు, గొంతు వైద్యులకు చూపించుకోండి. గులాబీ, యూకలిప్టస్, నిమ్మ, లవంగం వాసనలను రోజూ పొద్దున, సాయంత్రం శ్రద్ధగా పీల్చే అభ్యాసం కొందరికి మేలు చేస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి. ఇంట్లో పెద్దవాళ్లు ఒంటరిగా వంట చేసుకుంటుంటే గ్యాస్ వాసన వాళ్లకు తెలుస్తోందో లేదో అడగండి. తెలియడం లేదంటే ఆ వంటింట్లో గ్యాస్ డిటెక్టర్ వెంటనే పెట్టించండి.