ఎదురుగాలిలో మాట: సామాజిక మార్పును గురించి అభ్యర్థి ఎలా మాట్లాడాలి?

ఎన్నికల సభలో రోడ్లు, మంచినీళ్లు, వీధిదీపాలు గురించి మాట్లాడటం అభ్యర్థికి కష్టమైన పని కాదు. వీధిదీపం వెలిగితే నష్టపోయేవాడు సభలో సాధారణంగా ఉండడు. భూమి ఎవరిది, ఉద్యోగం ఎవరికి, ఆడపిల్లకు ఆస్తిలో వాటా ఎంత అనే ప్రశ్నలు అటువంటివి కావు. ఇక్కడ లాభపడేవారూ నష్టపోయేవారూ ఒకే పందిరి కింద పక్కపక్కనే కూర్చొని వింటారు. ఒకరు చప్పట్లు కొట్టినచోట మరొకరు మౌనంగా లేచి వెళ్లిపోతారు. ఆ మౌనం తరువాత వీధిలో నినాదంగా మారవచ్చు, ఇంట్లో కోపంగా మిగిలిపోవచ్చు. సామాజిక మార్పుకు ఎదురయ్యే ఈ ప్రతికూలతనే మనం ఎదురుగాలి అంటున్నాం.

బెంగుళూరులో చదువుకొంటున్న తెలుగు విద్యార్థులకు ఇది దూరపు సంగతి కాదు. సీటు వచ్చినవారూ, రానివారూ, రిజర్వేషన్ వల్ల మొదటిసారి కాలేజీ గడప తొక్కినవారూ, దానివల్లనే తమకు అన్యాయం జరిగిందని నమ్మేవారూ ఒకే బెంచీ మీద కూర్చొంటున్నారు. వారి మధ్య స్నేహం నిలవాలో విరగాలో చాలావరకు నాయకుల మాటను బట్టి ఉంటుంది. "నోరు మంచిదైతే ఊరు మంచిది" అన్న సామెత రాజకీయాలకు కూడా వర్తిస్తుంది. అయితే మంచి నోరు అంటే తీయని నోరు అని మాత్రమే అర్థం కాదు. మైసూరు రాష్ట్ర చరిత్ర నుంచీ, తెలుగునాటి చరిత్ర నుంచీ కొన్ని ఉదాహరణలు తీసుకొని ఈ విషయాన్ని పరిశీలిద్దాం.

ఒక సంఖ్య, ఒక గడువు

మైసూరు సంస్థానంలో ఉద్యోగాలు దాదాపుగా ఒక వర్గం చేతిలోనే ఉన్నాయని బ్రాహ్మణేతర నాయకులు మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడయరుకు విన్నవించుకొన్నారు. 1918లో ఆయన ప్రధాన న్యాయమూర్తి సర్ లెస్లీ మిల్లర్ అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించారు. 1919లో వచ్చిన నివేదిక ఆవేశంతో మాట్లాడలేదు. ఏడేళ్లలోగా పై ఉద్యోగాలలో కనీసం సగం, కింది ఉద్యోగాలలో కనీసం మూడింట రెండు వంతులు వెనుకబడిన వర్గాలకు దక్కేటట్లు చూడాలని చెప్పింది. అంటే ఒక సంఖ్యనూ, ఒక గడువునూ పేర్కొన్నది. 1921లో ప్రభుత్వ ఉత్తర్వు వెలువడింది.

ఈ విధానాన్ని వ్యతిరేకించినవారిలో దివాను మోక్షగుండం విశ్వేశ్వరయ్య ముఖ్యులు. ఆయన ఇంటిపేరే తెలుగునాటి మోక్షగుండం గ్రామాన్ని తెలుపుతుంది. యోగ్యతను పక్కన పెడితే పరిపాలన దెబ్బతింటుందనీ, విద్యావ్యాప్తి ద్వారానే వెనుకబాటును పోగొట్టాలనీ ఆయన వాదం. మహారాజుతో అభిప్రాయం కుదరక 1918లో పదవి వదులుకొన్నారు. ఆయన వాదంతో ఏకీభవించనివారు కూడా ఒక విషయం ఒప్పుకోవాలి. మార్పును వ్యతిరేకించదలచినవాడు విధానం మీద వాదించి, ఒప్పించలేకపోతే తన పదవిని తాను వదులుకొన్నాడు. మార్పు కోరే అభ్యర్థికి ఎంత బాధ్యత ఉన్నదో, దాన్ని ఎదిరించే అభ్యర్థికీ అంతే ఉన్నదనటానికి ఇది మంచి ఉదాహరణ.

ఒక మాట ఖరీదు

రెండవ ఉదాహరణ 1973 నాటిది. దేవరాజ్ అర్స్ మంత్రివర్గంలో బి. బసవలింగప్ప దళిత నాయకులు. మలాన్ని తలమీద మోయించే దురాచారాన్ని నిషేధించిన మంత్రిగా ఆయన పేరు నిలిచింది. ఆ ఏడాది నవంబరులో మైసూరులో మాట్లాడుతూ కన్నడ సాహిత్యంలో చాలా భాగం "బూసా" అన్నారు. బూసా అంటే పశువులకు వేసే తవుడు, పొట్టు. తమవారి బతుకు ఆ సాహిత్యంలో కనిపించటం లేదన్నది ఆ మాట వెనుక ఉన్న ఆవేదన. కాని విన్నవారికి ఆవేదన వినిపించలేదు, బూసా ఒక్కటే వినిపించింది. విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. దళిత విద్యార్థులు దెబ్బలు తిన్నారు. మహాకవి కువెంపు వంటివారు సమర్థించినా బసవలింగప్ప మంత్రిపదవి పోయింది.

ఈ గొడవకు తప్పంతా ఆ ఒక్క మాటదే అనటం న్యాయం కాదు. ఒక విమర్శకు జవాబుగా విద్యార్థులను కొట్టినవారి బాధ్యత వారిదే. పైగా ఆ సంఘటన తరువాతి సంవత్సరాల్లోనే కర్ణాటకలో దళిత సంఘర్ష సమితి ఏర్పడింది, సిద్ధలింగయ్య, దేవనూర మహాదేవ వంటి రచయితల గొంతు బలంగా వినిపించింది. కనుక ఆ మాట వృథా పోలేదు.

ఇక్కడ మనం ఒక భేదం గుర్తించాలి. రచయిత మాట వేరు, అభ్యర్థి మాట వేరు. 1965-68 మధ్య మన దిగంబర కవులు కఠినమైన మాటలతోనే సమాజాన్ని కుదిపారు. ఉలికిపాటు కలిగించటం వారు కోరుకొన్నదే. అభ్యర్థి పని అంతటితో ముగియదు. కోపం తెచ్చుకొన్నవాడి దగ్గరకే ఆయన మరునాడు ఓటు అడగటానికి వెళ్లాలి, గెలిచిన తరువాత అతనికి కూడా ప్రతినిధిగా ఉండాలి. కాబట్టి అన్యాయాన్ని అన్యాయమని చెప్పటంలో వెనుకాడకూడదు కాని, వినేవారు ప్రాణప్రదంగా చూసుకొనే వస్తువును హీనపరచకూడదు. మొదటిది చెబితే చర్చ సాగుతుంది, రెండవది చేస్తే చర్చ ఆగి అవమానమే మిగులుతుంది.

మాట వెంట కాగితం

అదే మంత్రివర్గానికి అధిపతి అయిన దేవరాజ్ అర్స్ మరొక పద్ధతి అనుసరించారు. 1974 మార్చి 1 నుంచి అమలులోకి వచ్చిన భూసంస్కరణల సవరణ చట్టం కౌలు భూమి మీద కౌలుదారుకు హక్కు కల్పించింది. "ఉళువవనే హొలదొడెయ", అంటే దున్నేవాడే పొలానికి యజమాని, అనే నినాదం ఊరూరా మారుమోగింది. నినాదం ఒక్కటే అయితే అది గాలిలో కలిసిపోయేది. దాని వెంట తాలూకా స్థాయిలో ట్రిబ్యునళ్లు వచ్చాయి, కౌలుదారు నింపవలసిన ఏడవ నంబరు ఫారం వచ్చింది. ఇప్పటికీ కర్ణాటక పల్లెల్లో పెద్దవాళ్లు ఆ ఫారం నంబరుతోనే ఆ కాలాన్ని గుర్తు చేసుకొంటారు. సభలో విన్న మాటను మరునాడు కచేరీలో కాగితంగా చూసిన రైతుకు నాయకుడి మీద నమ్మకం కుదిరింది.

ఈ చట్టం వల్ల పెద్ద భూస్వాములే కాక, కొద్దిపాటి పొలం కౌలుకిచ్చి బతికే చిన్న యజమానులూ నష్టపోయారు. పాలకులు ఇటువంటివారి గురించి మాట్లాడటం మరచిపోతారు. "మార్పుకు శత్రువులు" అని అందరినీ ఒకే గాటన కట్టేస్తారు. వంద ఎకరాలవాడి దుఃఖమూ రెండెకరాల వితంతువు దుఃఖమూ ఒకటి కాదు. ఈ తేడాను అభ్యర్థి పైకి చెప్పకపోతే, ఆ రెండెకరాలామె ఆ వందెకరాల ఆయన వెనుక నిలబడుతుంది. ఎదురుగాలికి బలం వచ్చేది ఇక్కడే.

ఆడపడుచు అనే పిలుపు

ఇక తెలుగునాటికి వద్దాం. 1982లో తెలుగుదేశం పార్టీని స్థాపించి, 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయిన ఎన్.టి. రామారావు ప్రసంగాలలో "ఆడపడుచులు" అనే పిలుపు తరచు వినిపించేది. హిందూ వారసత్వ చట్టానికి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలులోకి వచ్చి, ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కుమార్తెకు కుమారుడితో సమానంగా వాటా ఇచ్చింది. ఇంత పెద్ద మార్పు వీధుల్లో పెద్ద అలజడి లేకుండా రావటానికి ఆ పిలుపు కొంత కారణమని మా అభిప్రాయం. ఆడపడుచుకు పుట్టింట పసుపు కుంకుమల కింద కొంత దక్కాలన్నది వినేవారికి ముందే తెలిసిన ధర్మం. కొత్త హక్కు పాత బంధుత్వం చేయి పట్టుకొని సభలోకి వచ్చింది. అంతకుముందే పెళ్లయిన కుమార్తెలకు ఆ సవరణ వర్తించలేదు, ముగిసిన పంపకాలను తిరగదోడలేదు. అందువల్ల భయం కూడా తగ్గింది. కర్ణాటక ఇదే రకమైన సవరణ 1994లో చేసింది. దేశమంతటికీ 2005లో వచ్చింది.

దీనికి పక్కనే 1986ను పెట్టి చూడాలి. మురళీధరరావు కమిషన్ నివేదిక 1982లో వచ్చింది. దాని ఆధారంగా నాలుగేళ్ల తరువాత, 1986 జూలైలో, వెనుకబడిన తరగతుల రిజర్వేషన్‌ను అదే ప్రభుత్వం 25 శాతం నుంచి 44 శాతానికి పెంచింది. మొత్తం రిజర్వేషన్లు సగానికి మించాయి. అనుకూలంగానూ ప్రతికూలంగానూ విద్యార్థులు రోడ్లెక్కారు. ఆ ఏడాదే హైకోర్టు ఆ పెంపును కొట్టివేసింది. ఆస్తి విషయంలో ఇచ్చేవాడూ పుచ్చుకొనేదీ ఒకే ఇంటివారు. ఆడపిల్లల తండ్రికి రెండువైపులా మనసు ఉంటుంది. సీటు విషయంలో ఇద్దరూ ఒకరికొకరు తెలియని పోటీదారులు. ఇటువంటిచోట మాట మరింత ముందుగా, మరింత వివరంగా మొదలుకావాలి. ఎంత శాతం, ఎందుకు అంత, కోర్టు ముందు నిలుస్తుందా అనే ప్రశ్నలకు జవాబు ఉత్తర్వుకు ముందే జనంలోకి వెళ్లాలి.

అయితే 1985 చట్టానికి ఎదురుగాలి వీచలేదనుకొంటే పొరపాటు. అది వీధిలో కాక ఇంట్లో వీచింది. వాటా అడిగితే పుట్టింటి తలుపు మూసుకుపోతుందనే భయంతో హక్కు విడుదల పత్రం మీద సంతకం చేసి ఇచ్చిన ఆడపడుచులు మనకు తెలియనివారు కారు. ఏ పిలుపు హక్కును తెచ్చిందో ఆ పిలుపే హక్కుకు సంకెల కూడా అయింది. ఆడపడుచు అన్నాక అన్నదమ్ముల మీద ప్రేమ చూపాలి కదా, వాటా అడగవచ్చునా అని ప్రశ్నించారు. కనుక అభ్యర్థి బంధుత్వపు మాటతో మొదలుపెట్టవచ్చు కాని అక్కడే ఆగకూడదు. "ఇది ఆమెకు మీరు పెట్టే సారె కాదు, ఆమె హక్కు" అని కూడా చెప్పాలి.

మనం, మేము

తెలుగు విద్యార్థులు ప్రత్యేకంగా గమనించవలసిన భాషా విశేషం ఒకటున్నది. వినేవారిని కలుపుకొంటే మనం అంటాం, విడిచిపెడితే మేము అంటాం. నేటి కన్నడంలో ఈ రెండింటికీ "నావు" ఒక్కటే. కనుక తెలుగులో మాట్లాడే అభ్యర్థి ప్రతి వాక్యంలోనూ తనకు తెలియకుండానే ఒక గీత గీస్తుంటాడు. "మేము మీకు రిజర్వేషన్ ఇచ్చాం" అంటే ఇచ్చేవాడు పెద్దవాడు, పుచ్చుకొనేవాడు చిన్నవాడు అవుతారు. పక్కన కూర్చొన్న మూడవవాడు తన జేబులోంచి తీసి ఇచ్చారనుకొంటాడు. "మనం రాజ్యాంగంలో రాసుకొన్న మాటను నిలబెట్టుకొంటున్నాం" అంటే ముగ్గురూ ఒకే వాక్యంలో ఉంటారు.

ఈ మనం అనే మాటకే మరొక ముఖం ఉన్నది. "అతను మనవాడేనా?" అని అడిగినప్పుడు ఆ మన ఎంత చిన్నదో మనకందరికీ తెలుసు. కన్నడంలో "నమ్మవరు" కూడా ఇలాగే వాడుతారు. కులం, మతం, భాష పేరిట ఓటు అడగటాన్ని 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం అవినీతికరమైన చర్యగా పేర్కొన్నది. 2017లో సుప్రీంకోర్టు ఇది అభ్యర్థి కులమతాలకే కాక ఓటరు కులమతాలకు కూడా వర్తిస్తుందని తీర్పు చెప్పింది. ఒక కులానికి జరిగిన అన్యాయాన్ని వివరించటం వేరు, ఆ కులం పేరిట ఓటు అడగటం వేరు. మొదటిదాన్ని ఇతరులు కూడా వినగలరు.

బెంగుళూరులో ఈ పరీక్ష ఇంకా కఠినం. ఒకే వార్డులో కన్నడం, తెలుగు, తమిళం, ఉర్దూ వినిపిస్తాయి. ఒక వీధిలో ఒక భాషలో ఒక మాట, మరొక వీధిలో మరొక భాషలో దానికి విరుద్ధమైన మాట చెప్పి తప్పించుకోవచ్చునని అభ్యర్థికి ఆశ పుడుతుంది. కాని రెండు వీధుల పిల్లలూ ఒకే కాలేజీకి వెళ్తారు. మాట పట్టుబడటానికి ఎంతోసేపు పట్టదు.

వినేవారి పని

పై ఉదాహరణల సారాంశం ఇది. మార్పు వల్ల ఎవరికి ఏమి వస్తుందో, ఎవరికి ఏమి పోతుందో, ఈ రెండింటినీ ఒకే సభలో ఒకే నోటితో చెప్పగలిగినవాడే నమ్మదగిన అభ్యర్థి. సీటు రాని కుర్రవాడి తండ్రితో ఆయన ఇలా అనగలగాలి: "మీ బాధ నిజం. వందలో ఇన్ని సీట్లు అటు వెళ్తున్నాయి, దాచను. ఎందుకు వెళ్తున్నాయో ఇదిగో లెక్క. మొత్తం సీట్లు పెంచటానికి నేను చేయబోయేది ఇది. కాని పక్కింటి పిల్లవాడి చదువును ఆపమంటే మాత్రం ఆపను." ఈ జవాబు ఆ తండ్రికి నచ్చకపోవచ్చు. అయినా తనను మోసగించలేదని ఆయనకు తెలుస్తుంది. కోపాన్ని వినటం అభ్యర్థి ధర్మం. దౌర్జన్యానికి లొంగటం ధర్మం కాదు. ఆ కోపాన్ని ఓట్ల కోసం ఎగదోయటం అన్నిటికన్నా అధర్మం.

తెలంగాణ 2024లో, కర్ణాటక 2025లో ఇంటింటికీ వెళ్లి కులాల వివరాలు సేకరించాయి. కనుక వాటా గురించిన మాటలు రానున్న ఎన్నికలలో మరింత వినిపిస్తాయి. అప్పుడు మన విద్యార్థులు సభకు వెళ్లి చప్పట్లు కొట్టే ముందు మూడు విషయాలు గమనించాలని కోరుతున్నాం. ఆయన సంఖ్య చెప్పాడా? నష్టపోయేవారి పేరు గౌరవంగా ఎత్తాడా? ఆయన మనంలో మన పక్కన కూర్చొన్నవాడు కూడా ఉన్నాడా?