సుగంధి సోడాలో ఆ వాసన ఎక్కడిది?

ఏప్రిల్ ఎండలో విజయవాడ బీసెంట్ రోడ్డంతా తిరిగినవాళ్లకు సుగంధి సోడా రుచి నేను చెప్పక్కర్లేదు. గ్లాసు అడుగున నల్లటి సిరప్, అందులో నిమ్మచెక్క పిండి సోడా కొట్టగానే గ్లాసు నోటిదాకా రాకముందే వాసన వచ్చేస్తుంది. ఆ వాసన ఎక్కడిదన్నదే ఇక్కడి ప్రశ్న.

ఒకసారి ముక్కు మూసుకుని గుక్కెడు తాగి చూడండి. తీపి, పులుపు, గ్యాసు చురుకు తెలుస్తాయి. అది సుగంధి అని మాత్రం తెలియదు. ముక్కు వదలగానే తెలిసిపోతుంది. నోట్లోంచి గొంతు వెనక దారిన ముక్కులోకి ఎక్కే వాసననే మనం చాలావరకు రుచి అంటున్నాం. చల్లదనానికి వాసన తక్కువగా లేస్తుంది, తీపీ మందగిస్తుంది. ఐసు వేసి తాగే పానీయాల్లో చక్కెర, ఎసెన్సు దిట్టంగా పడటానికి అదొక కారణం.

ఈ సోడాకు పేరిచ్చిన సుగంధిపాల ఒక తీగ. రాయలసీమలో నన్నారి అంటారు. దాని వేరు వాసనలో ప్రధాన భాగం ఒకే పదార్థానిది: 2-హైడ్రాక్సీ-4-మెథాక్సీ బెంజాల్డిహైడ్. పేరు చూసి బెదరకండి, వేరులో సహజంగా ఉండేదే అది. ఐస్‌క్రీముల్లో వేసే వెనిలిన్‌కు దగ్గరి చుట్టం కూడా. రెండింట్లోనూ 8 కార్బన్, 8 హైడ్రోజన్, 3 ఆక్సిజన్ పరమాణువులే, అమరికే వేరు. వెనిలిన్‌ను 1874లో జర్మనీలో టీమన్, హార్మన్ వెనిల్లా కాయతో పనిలేకుండా తయారుచేశారు. ఆ దారి అక్కణ్నుంచి చాలా వాసనలకు పాకింది.

అందుకే సీసా మీది చిన్నక్షరాలు చదవాలి. మన ఆహార భద్రతా నిబంధనలు ఫ్లేవర్లను మూడు రకాలుగా చెబుతాయి. మొక్క నుంచో జంతువు నుంచో నేరుగా తీసింది 'నేచురల్'. ప్రకృతిలో ఉన్న పదార్థాన్నే రసాయనికంగా చేస్తే 'నేచర్ ఐడెంటికల్'. ప్రకృతిలో ఇంతవరకు కనిపించనిది 'ఆర్టిఫిషియల్'. మూడో మాట కనిపించగానే విషమని భయపడనక్కర్లేదు, మొదటి మాట చూసి మందనీ మురవనక్కర్లేదు. వేరులో దొరికినా ఫ్యాక్టరీలో చేసినా అణువు అదే. కాకపోతే వేరులో దానితోపాటు ఇంకెన్నో ఉంటాయి, ఎసెన్సులో అవి రావు. నల్లరంగు సంగతి మళ్లీ వేరు. లేబుల్ మీద 150తో మొదలయ్యే సంఖ్య ఉంటే అది కారమెల్ రంగు. నా మటుకు నాకు ఫ్లేవర్ కన్నా ఎక్కువ బెంగ గ్లాసులో పడే చక్కెర గురించే. వేరు పేరు చెప్పి ఎసెన్సు అమ్మడం మాత్రం తప్పే. తాగేవాడికి నిజం తెలియాలి. బండి దగ్గర సిరప్ డబ్బా చూపించమని అడగడానికి మొహమాటపడకండి.

అసలు వేరు సులువుగా రాదు. నల్లమలలో చెంచులు తవ్వి తెస్తారు. వేరు పూర్తిగా పీకేస్తే తీగ చస్తుంది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ నన్నారి షర్బత్ అమ్ముతుంది. ఇంట్లో చేసుకోవాలంటే వేళ్లు కడిగి, దంచి, వాసన లేని లోపలి పుల్ల తీసేయండి. బెరడును వేడినీళ్లలో రాత్రంతా మూతపెట్టి నానబెట్టండి. మూత మరవద్దు, పోయేది వాసనే. పొద్దున వడకట్టి, విడిగా కాచిన పాకం గోరువెచ్చగా అయ్యాక అందులో కలుపుకోండి.