డ్రైవ్ త్రూలో సైకిల్‌కి చోటుందా?

మా పుల్లలచెరువు వైపు పెట్రోల్ బంకులో సైకిల్‌కి గాలి పట్టించుకుంటే ఎవరూ వద్దనరు. హైదరాబాద్‌లో మాత్రం ఒక రాత్రి డ్రైవ్ త్రూ నుంచి నన్ను వెనక్కి పంపేశారు. "సైకిల్‌ని సెన్సర్ గుర్తించదు" అన్నారు. కూర్చుని తినే హాలు అప్పటికే మూసేశారు.

ఆ సెన్సర్ చాలాచోట్ల నేలలో పాతిన తీగచుట్టే. అది బరువు చూడదు. పైకి లోహం రాగానే ఆ లోహంలో ఎడ్డీ కరెంట్లు పుట్టి, చుట్ట ఇండక్టెన్స్ తగ్గుతుంది. సైకిల్‌లో లోహం తక్కువే. కానీ సెన్సిటివిటీ సరిగ్గా పెట్టి, లోహపు రిమ్మున్న చక్రాన్ని తీగ మీదే ఆపితే దొరుకుతుంది.

భద్రత మాట నిజమే. ఎత్తైన కారు డ్రైవరుకి సైకిల్ కనపడకపోవచ్చు. అలాంటప్పుడు హాలు మూశాక నడిచొచ్చేవాళ్లకీ, సైకిల్‌వాళ్లకీ ఒక కిటికీ తెరిస్తే చాలు. ఆకలికి ఇంజన్ ఉండదు కదా!