బూటబుల్ పెన్‌డ్రైవు

బూటబుల్ పెన్‌డ్రైవు అనగా హార్డ్‌డిస్కు ప్రమేయం లేకుండానే కంప్యూటరును ప్రారంభించగల పెన్‌డ్రైవు. కంప్యూటరులో కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌ను స్థాపించుటకు పూర్వం సీడీలు, డీవీడీలు వాడేవారు. నేటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి డీవీడీ డ్రైవు లేనందున పెన్‌డ్రైవు ఆ స్థానాన్ని ఆక్రమించినది. విండోస్ ఉన్న కంప్యూటరులో లినక్స్ పెన్‌డ్రైవును, లినక్స్ ఉన్న కంప్యూటరులో విండోస్ పెన్‌డ్రైవును తయారుచేసుకొనవచ్చును.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసినది. విండోస్ 11కు టీపీఎం 2.0 అను భద్రతా సదుపాయం తప్పనిసరి కావున, బాగుగా పనిచేయుచున్న పాత కంప్యూటర్లు అనేకం దానికి అర్హత పొందలేదు. వాటిని పారవేయక లినక్స్‌తో తిరిగి వాడుకొనుటకు ఈ పద్ధతి తోడ్పడును.

ఫైలును కాపీ చేస్తే ఎందుకు చాలదు

ఆపరేటింగ్ సిస్టమ్‌లు సాధారణంగా ఐఎస్‌ఓ ఫైలు రూపంలో లభించును. ఇది ఒక డిస్కు మొత్తానికి ప్రతిబింబం. 1988లో వెలువడిన ఐఎస్‌ఓ 9660 అను సీడీ ప్రమాణం వలన దీనికి ఆ పేరు వచ్చినది. ఈ ఫైలును పాటల ఫైలు వలె పెన్‌డ్రైవులోనికి కాపీ చేసినచో కంప్యూటరు దాని నుండి ప్రారంభం కాదు.

కంప్యూటరును ఆన్ చేయగానే మొదట పనిచేయునది మదర్‌బోర్డుపై నున్న ఫర్మ్‌వేర్. పాత పద్ధతియైన బయాస్, డిస్కులోని మొదటి 512 బైట్లను చదివి అందలి చిన్న ప్రోగ్రామును నడుపును. కొత్త పద్ధతియైన యూఈఎఫ్‌ఐ, ఫ్యాట్ విభాగంలో నిర్ణీత ఫోల్డరులో నిర్ణీత పేరుగల ఫైలును వెదకును. ఐఎస్‌ఓను విప్పకుండా ఉంచినచో ఇవి ఫర్మ్‌వేర్‌కు కనబడవు. తాళంచెవిని లోపల పెట్టి అదే పెట్టెకు తాళం వేసినట్లగును.

తయారుచేయు విధానం

విండోస్‌లో ఉబుంటు లినక్స్ పెన్‌డ్రైవును తయారుచేయు క్రమం:

1. కనీసం 8 జీబీ పెన్‌డ్రైవును తీసుకొనవలెను. అందలి ఫైళ్లన్నీ చెరిగిపోవును గనుక వాటిని ముందే వేరొకచోట భద్రపరచవలెను.
2. ఉబుంటు అధికారిక సైటు నుండి ఐఎస్‌ఓను దింపుకొనవలెను. 2024 ఏప్రిల్‌లో విడుదలైన 24.04 కూర్పు సుమారు 6 జీబీ ఉండును.
3. దింపుకొన్న ఫైలు సరియైనదో కాదో పరీక్షించవలెను. ఎస్‌హెచ్‌ఏ-256 పద్ధతిలో ఫైలుకు 64 అక్షరాల సంకేతం లభించును. విండోస్‌లోని సర్ట్‌యుటిల్ ఆజ్ఞ దీనిని లెక్కించును. సైటులో ఇచ్చిన సంకేతంతో ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆ ఫైలును వాడరాదు.
4. రూఫస్ అను ఉచిత ప్రోగ్రామును తెరచి, పెన్‌డ్రైవును, ఐఎస్‌ఓను ఎంచుకొని స్టార్ట్ నొక్కవలెను.
5. కంప్యూటరును తిరిగి ప్రారంభించుచు బూట్ మెనూ మీట నొక్కవలెను. తయారీదారును బట్టి ఇది ఎఫ్12, ఎఫ్9 లేదా ఎస్కేప్ కావచ్చును.
6. స్థాపించుటకు ముందు ఉబుంటును పెన్‌డ్రైవు నుండే నడిపి, వైఫై, శబ్దం, తెర పనిచేయుచున్నవో లేదో చూడవచ్చును. ఇందువలన హార్డ్‌డిస్కులో మార్పు జరుగదు.

లినక్స్‌లో విండోస్ పెన్‌డ్రైవు

ఉబుంటు, డెబియన్ ఐఎస్‌ఓలు సీడీ గాను, హార్డ్‌డిస్కు గాను చదువబడునట్లు కూర్చబడినవి. కావున లినక్స్‌లోని డీడీ ఆజ్ఞతో బైటుకు బైటుగా వ్రాసినా అవి పనిచేయును. విండోస్ ఐఎస్‌ఓ అట్టిది కాదు. దానిలోని ఫైళ్లను విప్పి పెట్టవలెను. అయితే ఫ్యాట్32 విభాగంలో ఒక ఫైలు పరిమాణం 4 జీబీకి చేరరాదు. విండోస్‌లోని ప్రధాన స్థాపక ఫైలు తరచుగా ఈ పరిమితిని దాటును. అందుచే ఆ ఫైలును భాగాలుగా విడదీయుట, లేదా 2020లో వెలువడిన వెంటాయ్ వంటి సాధనాన్ని వాడుట పరిష్కారం. వెంటాయ్ తన బూట్ ప్రోగ్రామును పెన్‌డ్రైవులో ముందే అమర్చును గనుక, పిమ్మట ఐఎస్‌ఓలను నేరుగా కాపీ చేసినా చాలును.

జాగ్రత్తలు

* డీడీ ఆజ్ఞ నిర్ధారణ కోరదు. పొరపాటున హార్డ్‌డిస్కు పేరు ఇచ్చినచో దానిపైననే వ్రాయును. డిస్కు పరిమాణాన్ని చూచి పెన్‌డ్రైవును గుర్తించవలెను.
* స్థాపన సమయంలో డిస్కు మొత్తాన్ని చెరిపివేయు ఎంపికను ఎంచుకొన్నచో పాత ఫోటోలు, పత్రాలు పోవును. ముందే నకలు ఉంచుకొనవలెను.
* విండోస్‌లో బిట్‌లాకర్ అమలులో ఉన్నచో, సెక్యూర్ బూట్ అమరికలను మార్చుటకు ముందే రికవరీ కీని కాగితంపై వ్రాసి ఉంచుకొనవలెను.

ఇవి కూడా చూడండి

* ఆపరేటింగ్ సిస్టమ్
* లినక్స్
* బయాస్