పుట్టపర్తి విమానాశ్రయము: భద్రత ముందు, భవనము పిమ్మట

పుట్టపర్తి విమానాశ్రయమును పెంపొందింపవలయునను మాట రాయలసీమలో అప్పుడప్పుడు లేచి అణగుచుండును. లేచినప్పుడెల్ల రెండు సంగతులే చర్చకు వచ్చుచుండును: రన్‌వే యెంత పొడవు పెరుగును? క్రొత్త భవనమెంత విశాలముగా నుండును? దిగవలసిన విమానము క్షేమముగా దిగునా, ప్రమాదమే సంభవించినచో లోనివారిని ఎవరు, ఎంతసేపటిలో, ఏ నీటితో రక్షింతురు అను ప్రశ్న మాత్రము వెనుకబడిపోవుచున్నది. ఈ ప్రశ్నయే మొదట రావలయునని మా యభిప్రాయము.

చిత్రావతీ తీరమున, గుట్టల నడుమనున్న ఈ విమానాశ్రయము 1990లో శ్రీ సత్యసాయి కేంద్ర ట్రస్టువారి వ్యయముతో నిర్మింపబడినది. తొలుత చిన్న విమానములకే చాలియుండిన రన్‌వే పిమ్మట సుమారు 2,230 మీటర్లకు పొడిగింపబడెను. కొంతకాలము ప్రయాణికుల విమానములు క్రమముగా వచ్చి, తరువాత నిలిచిపోయినవి. 2010 నవంబరులోను, మరల 2025 నవంబరులో సత్యసాయి శతజయంతి సందర్భమునను రాష్ట్రపతియు ప్రధానమంత్రియు పుట్టపర్తికి విచ్చేసిరి. అట్టి దినములలో సర్వసన్నాహములు జరుగుట సహజమే. కాని భద్రత యనునది పండుగనాటి తోరణము కాదు. మహాతిథులు వెడలిపోయిన మరునాడు దిగు సామాన్య ప్రయాణికునకును ఆ సన్నాహమే యుండవలయును. ఏటికి నాలుగు దినములు మేల్కొను సిబ్బందికి నిత్యాభ్యాసము కుదురదు. అభ్యాసము లేనిచో యంత్రములున్నను ఫలము లేదు.

ముందుగా ఈ సీమ స్వభావమును గమనింపవలెను. విమానాశ్రయము సముద్రమట్టమునకు సుమారు 475 మీటర్ల యెత్తున నున్నది. ఎత్తు పెరిగినకొలది, ఎండ ముదిరినకొలది గాలి పలుచనగును. పలుచని గాలిలో విమానము పైకి లేచుటకు ఎక్కువ దూరము పరుగెత్తవలసివచ్చును. అంతర్జాతీయ పౌరవిమానయాన సంస్థవారి లెక్క ప్రకారము ప్రతి 300 మీటర్ల యెత్తునకు రన్‌వే పొడవును నూటికి 7 వంతులును, ఆ యెత్తునకు ప్రామాణికమైన ఉష్ణమునకు మించిన ప్రతి డిగ్రీకి నూటికి 1 వంతును పెంచవలెను. ఇంత యెత్తున ప్రామాణికోష్ణము 12 డిగ్రీలు. మన వేసవి మధ్యాహ్నము 40 డిగ్రీలు. స్థూలముగా లెక్కించినచో, ఇచ్చటి 2,230 మీటర్లు మండుటెండలో సముద్రతీరమునందలి 1,600 మీటర్లకు మించిన పనిచేయవు. కావున పెద్ద విమానములనుగూర్చి కలలు కనుటకు ముందు, డెబ్బదిమంది నెక్కించుకొను టర్బోప్రాప్ విమానములను ఉదయ సాయం వేళలయందు నడుపుట వివేకము.

రన్‌వే పొడవుకంటె దాని చివరనున్న నేల ముఖ్యమైన వేళలు కలవు. 2010 మే 22వ తేదీన మంగళూరులో 158 మంది మరణించిరి. 2020 ఆగష్టు 7వ తేదీన కోళిక్కోడులో 21 మంది మరణించిరి. రెండుచోట్లను విమానము రన్‌వే చివరను దాటి పల్లమున పడినది. విచారణలు చోదకుల పొరపాటును ఎత్తిచూపిన మాట నిజమే. కాని మనుష్యుడు పొరపడుననియే కదా రన్‌వే కొనలందు రక్షణస్థలము ఏర్పరచుట! రన్‌వే చుట్టునుండు 60 మీటర్ల పట్టీకి ఆవల 90 మీటర్లు తప్పనిసరియనియు, 240 మీటర్లు వాంఛనీయమనియు అంతర్జాతీయ నియమము. గుట్టలనడుమనున్న పుట్టపర్తిలో ఈ 240 మీటర్లు రెండు కొనలందును చదునుగా లభించునట్లు చేయుట మొదటి ఖర్చు కావలెను. అందుకై రన్‌వేలో కొంత తగ్గించి ప్రకటింపవలసివచ్చినను సందేహింపరాదు.

రెండవది అగ్నిరక్షణ. ఎయిర్‌బస్ 320 తరగతి విమానము వచ్చుచోట ఆరవ శ్రేణి రక్షణ కావలయును: రెండు శకటములు, సాధారణముగా వాడు బి రకపు నురుగునకు 7,900 లీటర్ల నీరు, మూడు నిమిషములలో రన్‌వే యే కొనకైనను చేరగల సిబ్బంది. పట్టణమునుండి శకటము వచ్చునని యెదురుచూచుటకు ఆ మూడు నిమిషములలో తావులేదు. త్రాగునీటికే కటకటయైన సీమలో విమానములకు నీరెక్కడిదని రైతు అడుగవచ్చును. అది రెండు ట్రాక్టరు ట్యాంకర్లకు మించని నీరు. అంతేకాక, ఏటికి 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు ఈ సీమలోసైతము, రన్‌వే వెడల్పు నలువది మీటర్లే యనుకొన్నను, దానిపై పడు వాన నాలుగున్నర కోట్ల లీటర్లకు మించును. ఆ నీటిని మూతవేసిన తొట్లకు, ఇంకుడు గుంతలకు మరల్చినచో విమానాశ్రయము ఊరి బావులకు బరువు కానేరదు. తెరచిన కుంటలు మాత్రము త్రవ్వరాదు. అవి పక్షులను రప్పించును, పక్షులు విమానములకు గండము.

మూడవది దారి చూపు సాధనములు. పెద్ద విమానాశ్రయములలో నేలపై నెలకొల్పు యంత్రములు చిన్నచోట్ల భారమగును. భారత అంతరిక్ష పరిశోధన సంస్థయు, విమానాశ్రయ ప్రాధికారసంస్థయు కలసి నిర్మించిన ‘గగన్’ ఉపగ్రహ వ్యవస్థ ఇట్టివానికే తగినది. 2022 ఏప్రిలులో రాజస్థానమునందలి కిషన్‌గఢ్ అను చిన్న విమానాశ్రయమున దాని సహాయముతో విమానమును దింపి చూపిరి. విమానములో తగిన యంత్రమును, సర్వే చేసి ఆమోదించిన మార్గపటమును ఉన్నచో చాలును.

ఇంత శ్రమ యెవరికొరకు అని కొందరనవచ్చును. 1993 నవంబరు 15వ తేదీన మద్రాసునుండి హైదరాబాదు వచ్చిన విమానము మసక వాతావరణమున దిగలేక వెనుదిరిగెను. రెక్కల మడతలు బిగుసుకొనిపోవుటచే ఇంధనము వేగముగా ఖర్చయి, తిరుపతి చేరువను వరిచేనిలో దిగవలసివచ్చెను. అందలి 262 మందియు బ్రదుకుట అదృష్టము. రెండు మహానగరముల నడుమ నిత్యము సిద్ధముగానుండు చిన్న విమానాశ్రయము ఆకాశమున పోవువారికి ధర్మసత్రము వంటిది. దాని విలువ దిగినవారి లెక్కతో మాత్రమే తేలదు.

అయినను ఆదాయమును మరువరాదు. ఉడాన్ పథకము తొలి మూడు విడతలలో మంజూరైన 774 మార్గములలో 403 మొదలే కాలేదనియు, మూడేండ్ల రాయితీ ముగిసిన పిమ్మట 2023 మార్చి నాటికి నిలిచినవి 54 మాత్రమేయనియు కంప్ట్రోలర్ ఆడిటర్ జనరల్‌వారు 2023లో తెలిపిరి. మరియు బెంగుళూరు విమానాశ్రయము 2008 మేలో తెరువబడినపుడు అమలులోనున్న ఒప్పందము ప్రకారము, మైసూరు, హాసన్ తప్ప 150 కిలోమీటర్ల వైమానిక దూరములోని యే విమానాశ్రయమును ఇరువదియైదేండ్లవరకు అంతర్జాతీయ స్థాయికి పెంచరాదు. పుట్టపర్తి ఆ పరిధిలోనిదే. దేశీయ విమానములకు ఆటంకము లేదు. పెనుకొండవద్ద 2019లో పని ప్రారంభించిన కియా కార్ల కర్మాగారము, యాత్రికులు, అనంతపురము, హిందూపురము వర్తకులు కలరు. మితమైన రాకపోకలకు ఆధారమున్నది. అంతర్జాతీయ హంగులకై ఇప్పుడు ధనము ధారవోయుట మాత్రము అనవసరము.

ఇక యాజమాన్యపు సంగతి. ధర్మబుద్ధితో ట్రస్టు నిర్మించినది. వందలాది గ్రామములకు త్రాగునీటి పథకమును సమకూర్చినదియు ఆ ట్రస్టే. అందుకు ప్రజలు కృతజ్ఞులు. కాని ప్రజల ప్రాణరక్షణ దానధర్మముపై ఆధారపడరాదు. టిక్కెట్టు కొన్న ప్రతివానికిని తెరచియుండు విమానాశ్రయమునకు ప్రజోపయోగపు లైసెన్సు అవసరము. ప్రభుత్వము ట్రస్టుతో న్యాయమైన ఒప్పందము చేసికొని, నిత్యభద్రత ఖర్చును తాను వహించి, ఏటేట తనిఖీ ఫలితములను తెలుగులో ప్రకటింపవలయును.

భూస్వాములకు ఒక మాట. రక్షణస్థలమునకు భూమి కావలసినచో 2013 భూసేకరణ చట్టము ప్రకారము పూర్ణపరిహారము, పునరావాసము ముందుగా ముట్టవలెను. అట్లడుగుట మీ హక్కు. విమానమార్గమున ఎత్తైన కట్టడములు లేపకుండుట, పరిసరములందు మాంసపు వ్యర్థములు పారవేయకుండ చూచుట మీ ధర్మము. రెండును కలసిననే విమానాశ్రయము ఊరిదగును.

శాసనసభ్యులు, పార్లమెంటు సభ్యులు క్రొత్త భవనపు నమూనాతో ప్రజల ముందునకు వచ్చినపుడు పౌరులు నాలుగు ప్రశ్నలు వేయుదురుగాక. రన్‌వే కొనలందు ఖాళీనేల యెన్ని మీటర్లు? శకటము చేరుట కెన్ని నిమిషములు? మబ్బు కమ్మిన దినమున దారి చూపునదేది? ఈ ఖర్చు ఏటేట భరించువారెవరు? ఈ నాలుగింటికి వ్రాతపూర్వకమైన జవాబు లభించిన దినమున క్రొత్త భవనమునకు పునాదిరాయి వేయవచ్చును. అంతవరకు ఉన్న భవనమే చాలును.