చర్మం మాటున మొటిమలు

యౌవనారంభంలో ముఖం మీద మొటిమలు రావడం ఈనాటి సంగతి కాదు. సుశ్రుత సంహిత వీటిని ‘ముఖదూషికలు’ అని పేర్కొని, యువతీయువకుల ముఖాలపై బూరుగు ముళ్ళ వలె లేస్తాయని వర్ణించింది. ముల్లు పైకి కనిపిస్తుంది. కాని కొన్ని మొటిమలు మొన చూపవు. చర్మం లోపలే గడ్డకట్టి, వేలు తగిలితే చాలు సలుపుతాయి. ఇవే శాశ్వతమైన మచ్చలను మిగిల్చేవి. కనుక వీటి స్వభావాన్ని తెలుసుకోవడం అవసరం.

మన చర్మంలోని రోమకూపాలకు అనుబంధంగా తైలగ్రంథులు ఉంటాయి. అవి స్రవించే సెబమ్ అనే జిడ్డు పదార్థం చర్మాన్ని మృదువుగా ఉంచుతుంది. యుక్తవయస్సులో ఆండ్రోజెన్ హార్మోన్ల ప్రభావం వల్ల ఈ స్రావం పెరుగుతుంది. రాలిపోవలసిన మృతకణాలు ఆ జిడ్డుతో కలిసి రోమకూపాన్ని బిరడా వలె మూసివేస్తాయి. లోపల చిక్కుకున్న జిడ్డులో క్యూటిబాక్టీరియం ఆక్నెస్ అనే సూక్ష్మజీవి వృద్ధి చెందుతుంది. రోమకూపపు గోడ లోతున చిట్లినప్పుడు ఆ పదార్థమంతా చుట్టూ ఉన్న కణజాలంలోకి వ్యాపిస్తుంది. శరీరం దానిని శత్రువుగా భావించి రక్షణ కణాలను పంపుతుంది. ఆ పోరాట ఫలితమే వాపు, ఎరుపు, నొప్పి. కాబట్టి మొటిమ అశుభ్రత వల్ల వచ్చే జాడ్యం కాదు. అంటువ్యాధి అంతకన్నా కాదు. తల్లిదండ్రులకు ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువ.

ఇటువంటి మొటిమను గోటితో గిల్లడం, నొక్కడం ఎంతమాత్రం తగదు. లోపలి చీముకు బయటికి దారి ఉండదు. నొక్కిన కొద్దీ అది మరింత లోతుకు పోయి, వాపును పెంచి, చివరకు గుంటను మిగులుస్తుంది. శుభ్రమైన గుడ్డలో చుట్టిన మంచుముక్కను ఐదు నుండి పది నిమిషాలు అద్దితే నొప్పి కొంత శమిస్తుంది. బెంజాయిల్ పెరాక్సైడ్ లేపనాన్ని 2.5 శాతం మోతాదుతో ఆరంభించి, పలుచగా రాసుకోవచ్చు. నిమ్మరసం, వంటసోడా, టూత్‌పేస్టు వంటివి చర్మాన్ని మండించి కొత్త బాధను తెచ్చిపెడతాయి.

గడ్డలు తరచుగా లేస్తున్నా, మచ్చలు పడుతున్నా ఆలస్యం చేయక చర్మవైద్యుని సంప్రదించాలి. అడాపలీన్ వంటి లేపనాలు, కొంతకాలంపాటు యాంటీబయాటిక్ మాత్రలు వైద్యులు సూచిస్తారు. తీవ్రమైన స్థితిలో ఐసోట్రెటినాయిన్ అనే మందు ఇస్తారు. గర్భస్థ శిశువుకు అది తీవ్రమైన హాని చేయగలదు కనుక వైద్యుని పర్యవేక్షణ లేకుండా వాడరాదు. నెలసరి క్రమం తప్పుతున్న అమ్మాయిలు ఆ సంగతిని కూడా వైద్యునికి తెలపాలి. చికిత్స ఫలితం కనిపించడానికి సాధారణంగా ఆరు నుండి ఎనిమిది వారాలు పడుతుంది. అంతవరకు ఓర్పు వహించాలి.

ఓర్పు లేకపోతే ఏమవుతుందో నేను కళ్ళారా చూశాను. మా తరగతిలో పద్యాన్ని రాగయుక్తంగా చదివే విద్యార్థిని ఒకరు హఠాత్తుగా చివరి బల్లకు మారింది. చున్నీతో చెక్కిలిని కప్పుకొని కూర్చునేది; చదవమంటే లేచేది కాదు. చెక్కిలిపై లేచిన రెండు గడ్డలకు ఎవరో చెప్పిన లేపనం రాసిందట. మూడు రోజులలో తగ్గినట్లే తగ్గి, మానగానే ముఖమంతా ఎర్రబడి మొటిమలు రెట్టింపయ్యాయి. అందులో ఉన్నది స్టెరాయిడ్ అని చర్మవైద్యుడు చెప్పిన తరువాతనే తెలిసింది. ఇటువంటి పలు లేపనాలను వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదని కేంద్ర ప్రభుత్వం 2018లో నిబంధన విధించింది. ఆ అమ్మాయి ముఖం కుదుటపడడానికి చాలా నెలలు పట్టింది.

నివారణకు కొన్ని నియమాలు తోడ్పడతాయి. రోజుకు రెండుసార్లు, చెమట పట్టినప్పుడు మరొకసారి, మృదువైన సబ్బుతో ముఖం కడుక్కోవాలి, గట్టిగా రుద్దరాదు. తలకు రాసిన నూనె నుదుటిపైకి జారకుండా చూసుకోవాలి. దిండు గలీబులను తరచుగా మార్చాలి. ముఖానికి రాసే క్రీములు జిడ్డు లేనివై ఉండాలి. తీపి పదార్థాలు, శీతల పానీయాలు తగ్గించడం మేలు. నయమైన పిదప కూడా వైద్యుడు చెప్పినంత కాలం మందును కొనసాగించాలి.

చర్మం మాటున ఉన్న గడ్డ కంటే, ఆ గడ్డను చూసి నవ్విన వారి మాట ఎక్కువ కాలం బాధిస్తుంది. తోటివారి ముఖాన్ని గురించి పరిహాసమాడకపోవడం కూడా ఈ చికిత్సలో భాగమే. మొటిమకు చికిత్స ఉంది. దానిని దాచుకొని కుమిలిపోవడం కంటే, పెద్దలకు చెప్పి సకాలంలో వైద్యుని చూడడం వివేకవంతుల లక్షణం.